పాయింట్ల పాపం మాదే

నకిలీ జర్నళ్ల మాట వస్తే స్టాఫ్‌రూములో అందరం నీతిమంతులమే. సైన్సును అంగట్లో పెట్టేశారని టీ తాగుతూ వాపోతాం. ఆ అంగడికి గిరాకీ మా వల్లేనన్న సంగతి మాత్రం ఎవరం ఎత్తం.

హైదరాబాద్ కేంద్రంగా నడిచే ఓమిక్స్ అనే ప్రచురణ సంస్థ మీద 2016లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ కోర్టుకెక్కింది. పేపర్లను నిపుణులు పరిశీలిస్తున్నట్టు నమ్మించారనీ, ఫీజు సంగతి ముందు దాచిపెట్టారనీ, అడగకుండానే ప్రొఫెసర్ల పేర్లు ఎడిటర్ల జాబితాలో వేసుకున్నారనీ ఆరోపణలు. 2019లో అక్కడి కోర్టు 5 కోట్ల డాలర్లకు పైగా కట్టమంది. మా ఊళ్లో వ్యాపారాన్ని నిలదీయడానికి సముద్రాల అవతలివాళ్లు రావాల్సొచ్చింది. మేం అప్పుడు ప్రమోషన్ పాయింట్లు లెక్కపెట్టుకుంటున్నాం.

ఆ లెక్క 2010లో యూజీసీ ఇచ్చింది. అప్పట్లో సైన్సులో రిఫరీడ్ జర్నల్ పేపరుకు 15 పాయింట్లు. అందులో 60 శాతం మొదటి పేరుకూ, గైడుకూ చెరిసగం. మిగతాది తక్కిన పేర్లకు. అంటే గైడుకు నాలుగున్నర. ప్రమోషన్ ప్రొఫార్మా ముందేసుకుని, కాలిక్యులేటర్ మీద నాలుగున్నరలు కూడుకున్న ప్రొఫెసర్లం మేం. పేపర్లో ఏముందన్న గడి ఆ ప్రొఫార్మాలో లేదు. లేదేమని మేమూ అడగలేదు.

థీసిస్ ఇచ్చేముందు ఒక పేపరైనా అచ్చవ్వాలని 2009 నుంచీ నిబంధన ఉండేది. గడువు మీద పడుతుంటే, "ఏదో ఒకదాంట్లో వేసేయమ్మా" అన్నది మేమే. నెలల తరబడి ఫెలోషిప్ రాని పిల్ల ఆ ఫీజు ఎక్కణ్నుంచి తెచ్చి కట్టిందో అడగలేదు. పైగా, "సార్ పేరు కూడా పెట్టు, రేపు ప్రీ-సబ్మిషన్‌కి ఆయనే వస్తారు" అని ఓ సలహా. ఆ సార్ ల్యాబు గడప తొక్కి ఎన్నేళ్లయిందో! రాత్రి పదింటిదాకా కూర్చుని జెల్ నడిపి, బ్యాండ్లు రాకపోతే పొద్దున్నే మళ్లీ మొదలుపెట్టిన జూనియర్ పేరు మాత్రం కృతజ్ఞతల్లోకి జారిపోయింది. అదీ ఇంటిపేరు తప్పుగా.

ఇదంతా పైవాళ్ల ఒత్తిడి అనుకుంటే మనసుకు హాయిగానే ఉంటుంది. కానీ 2018 మేలో యూజీసీ తాను ఆమోదించిన జర్నళ్ల జాబితా నుంచి ఒక్కసారే 4,305 జర్నళ్లు తీసేసినప్పుడు పీడ వదిలిందనుకున్నామా? అందులో మావెన్ని పోయాయో వెతుక్కున్నాం. 2022లో థీసిస్‌కు ముందు పేపరు తప్పనిసరి కాదన్నారు. "మన డిపార్ట్‌మెంటుకు మాత్రం రెండుండాలి" అని మేమే పట్టుబట్టాం. లెక్కపెట్టడం వచ్చినంత సులువుగా మాకు చదవడం రాలేదు మరి.

2025 ఫిబ్రవరిలో యూజీసీ వాళ్లు కేర్ అనే తమ జర్నళ్ల జాబితా కూడా ఎత్తేసి, ఏది మంచి జర్నలో మీరే తేల్చుకోండని విశ్వవిద్యాలయాలకు వదిలేశారు. మీటింగు పెట్టుకున్నాం. పాత జాబితాలో వేసిన పేపర్లు ప్రమోషన్‌కు లెక్కకొస్తాయా రావా అన్నదాని మీదే గంటసేపు నడిచింది. మంచి జర్నల్ ఏదో తేల్చే కమిటీ సంగతి వచ్చే మీటింగుకు వాయిదా వేశాం.