మూడు నిమిషాల సినిమా, ఒక స్టేప్లర్

ఆఫీసులో ‘టీమ్ బిల్డింగ్’ అన్న మాట వినగానే నాకు కాస్త నీరసం వస్తుంది. ఆస్ట్రేలియా వచ్చాక పచ్చికలో బంతులు దొర్లించే లాన్ బోల్స్ ఆడాను. తాళం వేసిన గదిలో చిక్కుముడులు విప్పాను. వంట క్లాసని చెప్పి మా చేతే ఉల్లిపాయలన్నీ తరిగించారు ఒకసారి. సాయంత్రం ఫోటోలు దిగి ఇంటికెళ్తాం. సోమవారం మీటింగులో మళ్ళీ ఎప్పుడూ మాట్లాడేవాళ్ళే మాట్లాడతారు, ఎప్పుడూ ఊరుకునేవాళ్ళు ఊరుకుంటారు.

ఈసారి మా మెల్‌బోర్న్ ఆఫీసులో షార్ట్ ఫిల్మ్ తియ్యమన్నారు. జట్టుకి ఏడుగురు. ఫోన్ కెమెరా, ఒక్క పూట టైము, మూడు నిమిషాలు మించకూడదు. కథలో ఎక్కడో ఒకచోట స్టేప్లర్ కనబడాలి.

స్టేప్లర్ ఎందుకని మీకు అనుమానం రావచ్చు. అది సిడ్నీ నుంచి తెచ్చుకున్న అలవాటు. 1993లో అక్కడ డార్లింగ్‌హర్స్ట్‌లోని ట్రాపికానా అనే కెఫేలో జాన్ పోల్సన్ అనే నటుడు తన చిన్న సినిమా వేసి చూపించాడు. కెఫేలో మొదలైన ఆ ముచ్చటే పెరిగి పెద్దదై ట్రాప్‌ఫెస్ట్ అయింది. తర్వాత పార్కుల్లో జనం దుప్పట్లు పరుచుకుని చూసేంత పండగ. సినిమా ఏడు నిమిషాలు దాటకూడదు. ప్రతిసారీ ఒక వస్తువు పేరు చెప్తారు, అది సినిమాలో ఉండి తీరాలి. 1996లో టీ చెంచా, 2005లో గొడుగు. ఎప్పుడో తీసిన పాత సినిమాని దులిపి పంపకుండా అదో కట్టడి. కానీ దానివల్ల ఇంకో మేలు కూడా ఉంది. ‘ఏదైనా తియ్యండి’ అంటే ఏడుగురం ఏడు రోజులు మాట్లాడుకుంటాం. ‘స్టేప్లర్ మీద తియ్యండి’ అంటే పది నిమిషాల్లో కథ పుడుతుంది. మా కథలో ఆఫీసులో ఉన్న ఒకే ఒక్క స్టేప్లర్ పోతుంది, అందరూ అందర్నీ అనుమానిస్తారు. గొప్ప కథేం కాదు.

పని పంచుకునేటప్పుడు మా మేనేజరు తెల్ల అట్ట పట్టుకుని కిటికీ వెలుతురుని మొహాల మీదకి తిప్పే పనికి కుదిరాడు. చేతులు నొప్పెడుతున్నా దించకూడదు, ఎటు తిప్పమంటే అటు తిప్పాలి. సాఫ్ట్‌వేర్‌లో తప్పులు పట్టే వియత్నాం అమ్మాయికి కంటిన్యుటీ అప్పజెప్పాం. కిందటి షాట్‌లో కప్పు చెవి కుడివైపుంది, ఇప్పుడు ఎడమవైపుకొచ్చిందని ఆవిడ పట్టుకున్నప్పుడు మళ్ళీ తియ్యక తప్పలేదు. తన రోజువారీ పని ఎంత కష్టమో మాకు ఆ కప్పు దగ్గర తెలిసింది.

ఇక మా గుంటూరు కుర్రాడు. రెండేళ్ళుగా మాతో ఉన్నాడు. మీటింగుల్లో అడిగితే తప్ప నోరు విప్పడు. వంటగదిలో షూటింగ్ మొదలెట్టబోతుంటే “ఆగండి, ఫ్రిజ్ శబ్దం వస్తోంది” అన్నాడు. మాకెవరికీ వినపడలేదు. ఫోన్‌లో రికార్డు చేసి వినిపిస్తే గుయ్యిమని మోత. ఫ్రిజ్ ఆపేసి, తన కారు తాళాలు దాని లోపల పెట్టాడు. ఎందుకయ్యా అంటే, “ఇంటికెళ్ళేటప్పుడు తాళాలు వెతుక్కుంటాను కదక్కా, ఫ్రిజ్ మళ్ళీ ఆన్ చెయ్యడం మర్చిపోను” అన్నాడు. సౌండ్ రికార్డు చేసేవాళ్ళు వాడే పాత చిట్కా అట. ఇంజనీరింగ్ చదివేటప్పుడు స్నేహితులతో కలిసి యూట్యూబ్‌కి నాలుగైదు షార్ట్ ఫిల్ములు తీశాడని అప్పుడు బయటపడింది. సుజీత్, తరుణ్ భాస్కర్ లాంటివాళ్ళు షార్ట్ ఫిల్ముల నుంచి పెద్ద సినిమాలకి వెళ్ళిన రోజుల్లో మన కాలేజీల్లో ప్రతి హాస్టల్లోనూ ఒక డైరెక్టరు ఉండేవాడు. వాళ్ళలో చాలామంది ఇప్పుడు ఇలా ఏదో దేశంలో కోడ్ రాసుకుంటూ ఉంటారు.

షూటింగంతా సరదాగా గడిచింది. అసలు సంగతి ఎడిటింగ్ దగ్గర వచ్చింది.

ఎడిటింగ్‌కి కూర్చున్నతను మంచివాడే. మొదటి కూర్పు వేసి చూపించాడు. గుంటూరు కుర్రాడికి రెండు డైలాగులున్నాయి. ఆ రెండింటి కింద మాత్రం ఇంగ్లీషు సబ్‌టైటిల్స్. అతను మాట్లాడిందీ ఇంగ్లీషే! మిగతా ఎవరి మాటలకీ లేవు. చూసేవాళ్ళకి సాయంగా ఉంటుందని వేశానన్నాడు. ఇక్కడి టీవీ వార్తల్లో కూడా ఇది చూస్తుంటాను, మన యాస ఇంగ్లీషు కింద అక్షరాలు పరిగెత్తుతుంటాయి. గదిలో ఎవరూ ఏమీ అనలేదు. కుర్రాడు నా వైపు వంగి తెలుగులో “వదిలెయ్యక్కా, పర్లేదు” అన్నాడు.

నాకు పర్లేదనిపించలేదు. తీసెయ్యమని నేను అనబోతుంటే వియత్నాం అమ్మాయి ముందే అంది, “తియ్యొద్దు. అందరికీ వెయ్యి.” మేనేజరుక్కూడానా అని అడిగాడతను. మేనేజరుక్కూడా అంది.

వేస్తే ఇంకో గంటన్నర పట్టింది. మేనేజరు డైలాగులో ‘ఆర్వో’, ‘స్మోకో’ రెండూ ఉన్నాయి. ఆర్వో అంటే మధ్యాహ్నం, స్మోకో అంటే టీ విరామం, ఇక్కడి వాడుక. వాటిని మామూలు ఇంగ్లీషులో ఎలా రాయాలని అడిగితే, తన మాటకి అర్థం తనే చెప్పుకోవాల్సి వచ్చి ఆయన కాస్త తడబడ్డాడు. ఆర్నెల్ల కిందట చేరిన ఫిలిప్పీన్స్ అమ్మాయి “ఓహో, స్మోకో అంటే ఇదా!” అంది. ఇన్నాళ్ళూ ఎవరో సిగరెట్‌కి వెళ్తున్నారనుకుందట.

ఈ వినోదాన్ని అద్దెకిచ్చే సంస్థలు కొన్ని ఎడిటింగ్ తామే చేసి, సాయంత్రం పార్టీలో సంగీతంతో సహా సినిమా చేతికిస్తాయి. నా మట్టుకు నాకు అది అన్యాయం. షూటింగులో అందరం మర్యాదగానే ఉంటాం. ఎవరి మొహం ఉంచాలి, ఎవరి మాట కొయ్యాలి, ఎవరి గొంతుకి సాయం కావాలి అని తేల్చుకోవాల్సి వచ్చినప్పుడు కదా ఒకళ్ళ గురించి ఒకళ్ళం ఏమనుకుంటున్నామో బయటపడేది! ఆ గంటన్నర వేరేవాళ్ళు కూర్చుని ఉంటే మాకు సినిమా మిగిలేది గానీ, ఆ సంభాషణ మిగిలేది కాదు.

దానితో ఆఫీసు మారిపోయిందని చెప్పను. తర్వాతి రెండు మీటింగుల్లో మేనేజరు కుర్రాణ్ణి పేరు పెట్టి అడిగాడు, మూడోదానికి మళ్ళీ మామూలే. కాకపోతే ఇప్పుడు ఆన్‌లైన్ మీటింగుల్లో కాప్షన్లు అందరికీ ఆన్‌లో ఉంటున్నాయి.

సినిమా లింకు గుంటూరు పంపించాడట. వాళ్ళమ్మగారు చూసి, “నీ మాటల కింద ఆ అక్షరాలేంట్రా?” అని అడిగారట. అందరికీ ఉన్నాయమ్మా, మళ్ళీ చూడు అన్నాడట.

వచ్చే ఏడాది వస్తువు టిఫిన్ డబ్బా. సౌండ్ తనే చేస్తానని కుర్రాడు ఇప్పుడే చెప్పేశాడు.