సీటిచ్చి కితాబ్ మూసేస్తే ఎలా?

మన ఇళ్లల్లో ఒక ఆదత్ ఉంది. చూపు లేని పిల్లాడికి డిగ్రీలో సీటొస్తే "అల్లా కా కరమ్" అని షుకర్ చేసి, అక్కడితో ఫికర్ మానేస్తాం. అసలు ముష్కిల్ మొదలయ్యేది సీటొచ్చాకే.

2016 నాటి వికలాంగుల హక్కుల కానూన్ ప్రకారం ప్రభుత్వ, ప్రభుత్వ సాయం తీసుకునే ఉన్నత విద్యాసంస్థలు కనీసం 5 శాతం సీట్లు వాళ్లకు ఉంచాలి. అదే కానూన్ పాఠాల్లో, ఇమ్తిహాన్‌లో తగిన మార్పులు చేయమనీ చెప్పింది. మొదటి మాట అందరికీ యాద్ ఉంది. రెండోది ఇమ్తిహాన్ రోజు మాత్రం గుర్తొస్తుంది, స్క్రైబ్‌ను ఇచ్చి కాస్త ఎక్కువ టైమిస్తారు. సాలంతా చదవడానికి ఏమీ ఇవ్వకపోతే ఆ టైములో వాడేం రాయిస్తాడు?

ఒక మిసాల్ చూడండి. లెక్చరర్ సాబ్ నోట్సును ఫోన్‌తో ఫొటోలు తీసి, పీడీఎఫ్ చేసి వాట్సాప్‌లో పడేస్తారు. అది బొమ్మ. చదివి వినిపించే సాఫ్ట్‌వేర్‌కు అందులో ఒక్క హర్ఫ్ దొరకదు. టైప్ చేసిన పాఠమైతే సరిపోతుందా అంటే అదీ లేదు. అను ఫాంట్లలో కొట్టిన తెలుగు, పాత ఇన్‌పేజ్‌లో కొట్టిన ఉర్దూ యూనికోడ్ కావు. కంటికి ఖూబ్‌సూరత్‌గా ఉంటాయి, మెషీన్ చదివితే వట్టి గోల. అదే పాఠం యూనికోడ్‌లో ఉంటే ఎన్‌వీడీఏ అనే ముఫ్త్ సాఫ్ట్‌వేర్‌తో తెలుగూ ఉర్దూ రెండూ వినొచ్చు. గొంతు మీఠీగా ఏమీ ఉండదు లెండి, కానీ పని నడుస్తుంది.

"ఒక్కడి కోసం ఇంత మెహనత్ ఎందుకు" అంటారు. ఆ ఫైల్‌లో లఫ్జ్ వెతుక్కోవడం అందరికీ ఆసానే. వీడియో పాఠం కింద అక్షరాలు వేయిస్తే వినపడని బిడ్డతో పాటు, ఉర్దూ మీడియం నుంచి వచ్చి ఇంగ్లీషు క్లాసులో బిక్కుబిక్కుమంటూ కూర్చున్న మన పిల్లకూ సహారా.

హైదరాబాద్‌కు ఇది తెలియని సంగతి కాదు. 1918లో ఏర్పడిన ఉస్మానియా ఉర్దూలో చదువు చెప్పాలనుకుంది, కితాబుల కోసం దారుల్ తర్జుమా నడిపింది. చదువంతా ఇంగ్లీషులోనే అనలేదు. అయితే తెలుగు, మరాఠీ పిల్లలకు ఆ ఉర్దూ కూడా పరాయి జబానే. ఇంసాఫ్‌గా ఆ మాటా చెప్పుకోవాలి.

ఇక మన సంగతి. ఆడపిల్లకు వినికిడి తక్కువంటే రిష్తాలు రావని ఛుపాయిస్తాం. "ముందు బెంచీలో కూర్చో బేటీ" అంటాం. సార్ బోర్డు వైపు తిరిగి మాట్లాడితే పెదాలెలా కనపడతాయి?

అడ్మిషన్ రోజే ఫీజు, హాస్టల్ అడిగినట్టు ఇవీ అడగండి: పాఠాలు ఎలాంటి ఫైల్‌లో ఇస్తారు, వీడియోల కింద అక్షరాలుంటాయా, స్క్రైబ్ కోసం ఎవరికి, ఎన్ని రోజుల ముందు దర్ఖాస్తు పెట్టాలి. మెహర్బానీ అడిగినట్టు కాదు, హక్ అడిగినట్టు. నోటి మాటతో తిరిగి రాకండి. కాగజ్ మీద రాసిచ్చి, అందినట్టు దస్తఖత్ తీసుకోండి.