కట్టడి కుటుంబానికా, పనికా?

బ్రిటన్ హోంమంత్రిగా ఉన్న సుయెల్లా బ్రావర్‌మన్ 2023 మే 23న పార్లమెంటుకు ఒక లిఖితపూర్వక ప్రకటన ఇచ్చారు. ఏడాది ఎమ్మెస్సీ, ఎంబీయే లాంటి బోధనా కోర్సులకు వచ్చే విదేశీ విద్యార్థులు 2024 జనవరి 1 తర్వాత భార్యనో, భర్తనో, పిల్లలనో వెంట తెచ్చుకోవడానికి వీల్లేదన్నది దాని సారాంశం. పీహెచ్‌డీ వంటి పరిశోధన కోర్సులవారికి, ప్రభుత్వ స్కాలర్‌షిప్ మీద వచ్చేవారికి మినహాయింపు ఇచ్చారు. రెండు రోజులు తిరక్కుండానే అక్కడి జాతీయ గణాంక కార్యాలయం 2022 సంవత్సరపు నికర వలసను 6,06,000గా ప్రకటించింది. పెద్ద అంకె బయటపడబోతోందని తెలిసిన ప్రభుత్వం ముందే ఒక మందు రాసి పెట్టుకుందనుకోవడంలో తప్పులేదు. అధికారంలో ఉన్న పార్టీ 2024లో మారింది. నిబంధన మాత్రం మారలేదు. ఇప్పుడు దాన్ని విద్యార్థి వీసా వ్యవస్థలో సహజమైన భాగంగానే అందరూ చూస్తున్నారు. అయితే ఆ మందు రోగానికి వేసినదేనా అన్నది ఇంకా తేలాల్సిన విషయమే. విద్యార్థి వీసా చాటున పని వీసా నడుస్తోందన్నది అప్పటి ఫిర్యాదు. కోత పడింది మాత్రం కుటుంబం మీద.

ఫిర్యాదులో నిజం ఉందని ముందే ఒప్పుకోవాలి. చదువు అయ్యాక రెండేళ్లు ఉండి పని చేసుకునే గ్రాడ్యుయేట్ రూట్‌ను బ్రిటన్ 2021 జులైలో తెరిచింది. 2019లో విద్యార్థుల కుటుంబ సభ్యులకు ఇచ్చిన వీసాలు 16 వేల దరిదాపుల్లో ఉంటే, 2022లో అవి లక్షా 36 వేలకు చేరాయి. మూడేళ్లలో ఎనిమిది రెట్లు. ఇంత పెరుగుదలకు దాంపత్య ప్రేమ ఒక్కటే కారణమని ఎవరూ నమ్మరు. అసలు కిటుకు నిబంధనల్లోనే ఉంది. తరగతులు జరిగే రోజుల్లో విద్యార్థి వారానికి 20 గంటలకు మించి పని చేయకూడదు. వెంట వచ్చిన జీవిత భాగస్వామికి ఆ హద్దు లేదు, దాదాపు ఏ ఉద్యోగమైనా పూర్తికాలం చేసుకోవచ్చు. అంటే చదువుకోవడానికి వచ్చిన మనిషి కన్నా తోడు వచ్చిన మనిషికే పని హక్కు ఎక్కువ. ఒకరి ఫీజుతో ఇద్దరికీ దారి దొరుకుతుందన్న లెక్క కన్సల్టెన్సీలకు తట్టకుండా ఉంటుందా? ఐఈఎల్‌టీఎస్‌లో మంచి స్కోరు తెచ్చుకున్న అమ్మాయి ఖర్చంతా అబ్బాయి తరఫువాళ్లు భరించి, ఆమె వెనకాలే అబ్బాయిని విమానం ఎక్కించే కాంట్రాక్టు పెళ్లిళ్లు పంజాబ్‌లో ఏళ్ల తరబడి వార్తల్లో నలిగాయి. ఏ దేశంలోనైనా విద్యార్థి భాగస్వామికి పూర్తి పని హక్కు ఇచ్చినప్పుడల్లా ఇలాంటి బేరం పుట్టుకొస్తుంది.

అంతమాత్రాన వచ్చినవాళ్లంతా ఆ బేరగాళ్లే అనడం అంకెలకు అందదు. 2022లో భారత్ నుంచి దాదాపు లక్షా 39 వేల మంది విద్యార్థులకు వీసాలు ఇస్తే, వారి కుటుంబ సభ్యులకు ఇచ్చినవి 39 వేలు. ముగ్గురు నలుగురు విద్యార్థులకు ఒక్క తోడు మనిషి చొప్పున పడింది. నైజీరియా లెక్క వేరు. అక్కడినుంచి విద్యార్థులు 59 వేలు, కుటుంబ సభ్యులు దాదాపు 61 వేలు. కొంత వయసొచ్చి, పెళ్లయి, పిల్లలు పుట్టాక మాస్టర్స్ చదవడానికి బయల్దేరేవారు ఎక్కువగా ఉన్న దేశం నుంచి కుటుంబాలు ఎక్కువగా వస్తాయి. ఇరవై రెండేళ్లకే డిగ్రీ చేత్తో పట్టుకుని ఒంటరిగా విమానం ఎక్కేవారు ఎక్కువగా ఉన్న దేశం నుంచి తక్కువగా వస్తాయి. ఈ తేడాకు వయసు, కుటుంబ దశ చెప్పే సమాధానం మోసం అన్న మాట చెప్పలేదు. పైగా డిగ్రీ స్థాయి విద్యార్థులకు కుటుంబాన్ని తెచ్చుకునే వీలు అప్పటికే లేదు. తలుపు తెరిచి ఉన్నదల్లా పీజీ వారికే, అంటే పెళ్లీ పిల్లలూ ఉండటానికి అవకాశమున్న వయసువారికే. మూసింది సరిగ్గా ఆ తలుపునే.

ఏడాది చదువే కదా, ఏడాది పాటు విడిగా ఉండలేరా అన్న వాదన పైకి చాలా సబబుగా వినిపిస్తుంది. ఈ నిబంధనను సమర్థించేవారి చేతిలో దీన్ని మించిన అస్త్రం లేదు. కానీ వీసా చట్రంలోకి కాస్త లోపలికి వెళ్తే ఆ ఏడాది ఏడాదిగా మిగలదు. కోర్సు అయ్యాక గ్రాడ్యుయేట్ రూట్‌కు మారినప్పుడు, అంతకుముందే డిపెండెంట్‌గా నమోదై ఉన్నవారికే కొనసాగే అవకాశం ఉంటుంది. చదువు కాలంలో రానివ్వని భార్యను ఆ తర్వాతి రెండేళ్లలోనూ రానివ్వరు. కుటుంబాన్ని పిలిపించుకోవాలంటే విద్యార్థి స్కిల్డ్ వర్కర్ వీసాకు మారాలి. దానికి కావలసిన కనీస వార్షిక వేతనాన్ని 2024 ఏప్రిల్‌లో 38,700 పౌండ్లకు, 2025 జులైలో 41,700 పౌండ్లకు పెంచారు. కొత్తగా చదువు ముగించినవారికి ఇచ్చే సడలింపు తర్వాత కూడా అది 33,400 పౌండ్లు. స్పాన్సర్ చేసే కంపెనీ దొరకాలి, ఆ జీతం ఇవ్వాలి, ఆ ఉద్యోగం డిగ్రీ స్థాయిదై ఉండాలి. అన్నీ కలిసి రాకపోతే ఎడబాటు మూడేళ్లు. రెండేళ్ల పిల్లను అమ్మమ్మ దగ్గర వదిలి వెళ్లిన తల్లి తిరిగొచ్చేసరికి ఆ పిల్ల బడికి వెళ్తుంటుంది. సెలవుల్లో వచ్చి చూసుకుని పోవచ్చుగా అంటారా, విద్యారుణం నెత్తిన ఉన్నవాళ్లు విమాన టికెట్లు ఎన్నిసార్లు కొంటారు?

చదువు కోసం కుటుంబాన్ని వదిలి వెళ్లడం మనకు కొత్త కాదు. జీవరసాయన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు 1920ల మొదట్లో మామగారి సాయంతో హార్వర్డ్‌కు వెళ్లినప్పుడు భార్య ఇక్కడే ఉండిపోయింది. తర్వాత పుట్టిన కొడుకు పసితనంలోనే పోయాడు, తండ్రి ఆ బిడ్డను చూడనేలేదు. 1948లో అమెరికాలోనే మరణించిన ఆయనను భార్య మళ్లీ కళ్లారా చూసుకోలేదు. ఆయన శాస్త్ర కృషిని కొనియాడేటప్పుడు ఈ వెలను మనం వాక్యం చివర ఒక విశేషంలా చెప్పి దాటేస్తాం. ఆ వెల కట్టింది ఆవిడ. నూరేళ్ల తర్వాత కట్టేవాళ్లు ఎవరన్నది ఆలోచిస్తే కొత్త నిబంధన అసలు స్వభావం తెలుస్తుంది.

కాగితం మీద అది ఆడా మగా తేడా చూడదు. మన ఇళ్లలో తేడా చూస్తుంది. భర్త చదువుకు వెళ్తానంటే భార్య, బిడ్డ అత్తగారింట్లోనో పుట్టింట్లోనో సర్దుకుంటారు. నలుగురూ దాన్ని ఉన్నతి కోసం ఓర్చుకునే కష్టమంటారు. అదే పాతికేళ్లు దాటిన తల్లి, ఓ బీటెక్ చదివి నాలుగేళ్లు ఉద్యోగం చేసిన అమ్మాయి, బిడ్డను వదిలి ఏడాది వెళ్తానంటే ఇంట్లో పంచాయితీ మొదలవుతుంది. కుటుంబంతో వెళ్లే వీలున్నప్పుడు ఆమెకు ఒక జవాబు ఉండేది: అందరం కలిసే వెళ్తాం. భర్త అక్కడ ఏదో పని చూసుకుంటాడు, పిల్లాడు అక్కడి బడిలో చేరతాడు. ఆ జవాబును నిబంధన లాగేసుకుంది. దీనితో ఆగిపోయిన ఆడవాళ్లు ఎందరో ఏ వీసా పట్టికలోనూ కనిపించదు, ఎందుకంటే దరఖాస్తే పెట్టనివారిని ఎవరూ లెక్కపెట్టరు. కనిపించే లెక్క మరొకటి ఉంది. 2024లో విద్యార్థుల కుటుంబ సభ్యులకు ఇచ్చిన వీసాలు సుమారు 22 వేలకు పడిపోయాయి. ప్రభుత్వం దీన్ని విజయంగా చెప్పుకుంది.

ఆ విజయంలోనూ ఒక మెలిక ఉంది. నికర వలస అంటే వచ్చినవారిలోంచి వెళ్లినవారిని తీసేయగా మిగిలేది. చదువు ముగించుకుని తిరిగి వెళ్లేవారిని రాకముందే ఆపేస్తే మొదటి ఏడాది రాకలు తగ్గి అంకె బాగుంటుంది. ఆ తర్వాత కొన్నేళ్లకు, రానివాళ్లు వెళ్లరు కాబట్టి, పోకలూ తగ్గుతాయి. అంటే ఈ తగ్గుదలలో కొంత భాగం శాశ్వతం కాదు, లెక్క ముందుకు జరిగిందంతే. ఎన్నికల ఏడాదికి మాత్రం అది పనికొచ్చింది.

ప్రజాసేవల మీద భారం అన్న అభ్యంతరానికి బరువు ఉంది. వచ్చిన పిల్లలకు ప్రభుత్వ బడుల్లో చదువు ఉచితం, కాన్పులు జరుగుతాయి, ఇళ్ల కొరత ఉన్న ఊళ్లలో అద్దెలు పెరుగుతాయి. అయితే డిపెండెంట్ ఉత్తినే రాడు. విద్యార్థితో సమానంగా ఆరోగ్య సర్‌చార్జి కట్టాలి, అది 2024 ఫిబ్రవరి నుంచి ఏడాదికి 776 పౌండ్లు. ప్రభుత్వ సంక్షేమ భత్యాలకు అర్హత లేదు. నెలకు లండన్‌లో అయితే 845, బయట అయితే 680 పౌండ్ల చొప్పున తొమ్మిది నెలలకు సరిపడా డబ్బు బ్యాంకులో చూపాలన్నది ఆనాటి నిబంధన. ఇల్లు, బడి ఒత్తిళ్లు నిజమే అయితే ఈ మొత్తాన్ని పెంచవచ్చు, పిల్లల చదువుకు ప్రత్యేక రుసుము పెట్టవచ్చు. 2021-22లో చేరిన విదేశీ విద్యార్థుల ఆర్థిక ప్రభావాన్ని లండన్ ఎకనామిక్స్ సంస్థ 2023లో లెక్కగట్టింది. వారి వల్ల బ్రిటన్‌కు ఒనగూడే మేలు 41.9 బిలియన్ పౌండ్లయితే, అయ్యే ఖర్చు 4.4 బిలియన్లని తేల్చింది. ఆ ఖర్చులో వారి కుటుంబ సభ్యులకు అందే ప్రజాసేవలనూ కలిపే చూపింది. ఈ అధ్యయనాన్ని ఉన్నత విద్యారంగ సంస్థలే చేయించాయి కాబట్టి కాస్త తగ్గించి చూసినా తొమ్మిది రెట్ల తేడా మాయమైపోదు. ఇంగ్లండ్‌లో స్వదేశీ విద్యార్థుల ఫీజును 2017 నుంచి ఏడెనిమిదేళ్లు 9,250 పౌండ్ల దగ్గరే కట్టేయడంతో అక్కడి విశ్వవిద్యాలయాలు విదేశీ ఫీజుల మీద ఆధారపడి బతుకుతున్నాయి. 2024లో నైజీరియా విద్యార్థులు బాగా తగ్గినప్పుడు ఆ దెబ్బ నేరుగా వాటి ఖజానాకు తగిలింది. నైజీరియా కరెన్సీ నైరా విలువ పడిపోవడం కూడా అందుకు ఒక కారణమని చెప్పకపోతే మాత్రం అన్యాయమవుతుంది.

మరి పనిని కట్టడి చేసి కుటుంబాన్ని రానిచ్చిన దేశాల అనుభవం ఎలా ఉంది? విద్యార్థుల కుటుంబ సభ్యులకు అమెరికా ఇచ్చే ఎఫ్2 వీసా సంగతి తెలుగు ఇళ్లకు బాగా తెలుసు. భార్య వెళ్లవచ్చు, పిల్లలు బడిలో చేరవచ్చు. ఆమె మాత్రం జీతానికి పని చేయకూడదు, పూర్తికాలపు డిగ్రీ కోర్సులో చేరకూడదు, సోషల్ సెక్యూరిటీ నంబరు కూడా రాదు. భర్త రెండేళ్ల ఎమ్మెస్, ఆ పైన సైన్స్, ఇంజినీరింగ్ వంటి స్టెమ్ చదువులవారికి ఇచ్చే పొడిగింపుతో కలిపి, చదువయ్యాక పని చేసుకునే మూడేళ్ల ఓపీటీ అయ్యేసరికి, వీసా మారకపోతే ఐదేళ్లు ఆమె చదువు అటక మీదే. కుటుంబం కలిసే ఉంటుంది, ఆడమనిషి జీవితం ఆగిపోతుంది. ఇది బ్రిటన్ తప్పుకు అవతలి కొసన ఉన్న తప్పు. కెనడా ఇంకో దారి పట్టింది. 2025 జనవరి 21 నుంచి 16 నెలలు, అంతకు మించిన మాస్టర్స్ కోర్సులు, డాక్టరేట్లు, కొన్ని వృత్తి విద్యా కోర్సులు చదివేవారి భాగస్వాములకే ఓపెన్ వర్క్ పర్మిట్ ఇస్తోంది. చిన్న కోర్సును అడ్డం పెట్టుకుని పూర్తికాలపు పని సంపాదించే దారి దానితో మూసుకుపోయింది. కోర్సు నిడివిని పట్టుకుని పని హక్కును నిర్ణయించడం బ్రిటన్ చేసినదాని కన్నా తెలివైన పద్ధతి.

ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే బ్రిటన్ చేయదగినది పెద్ద చిక్కుముడేమీ కాదు. భాగస్వామిని, పిల్లల్ని రానివ్వాలి, తగినంత డబ్బు చూపమనాలి, భాగస్వామి పని గంటలను విద్యార్థికి ఉన్న 20 గంటలకే కట్టేయాలి. అప్పుడు ఒకరి ఫీజుతో ఇద్దరికి పూర్తి సంపాదన అన్న బేరం గిట్టదు, ఆ బేరం కోసమే చేసుకునే పెళ్లిళ్లకూ గిరాకీ ఉండదు. అమెరికాలోలా ఇంట్లో కూర్చోబెట్టే దుస్థితీ ఉండదు. ఆ గంటలను ఎవరు కనిపెట్టి ఉంటారన్న సందేహం రావచ్చు. విద్యార్థుల గంటలను ఇప్పుడు ఎలా కనిపెడుతున్నారో అలాగే. పనిలో పెట్టుకునే ముందు ప్రతి యజమానీ షేర్ కోడ్ అనే ఆన్‌లైన్ సంకేతంతో వీసా షరతులు చూసుకోవాల్సిన ఏర్పాటు అక్కడ ఎప్పటినుంచో నడుస్తోంది. దొంగచాటు పని కొంత మిగలవచ్చు. విద్యార్థుల్లోనూ అది ఉంది, అలాగని చదువులను ఎవరూ రద్దు చేయలేదు.

ఇందులో ఢిల్లీకి కూడా పాత్ర ఉంది. 2025 జులై 24న సంతకాలైన భారత్-బ్రిటన్ వాణిజ్య ఒప్పందం కోసం మన ప్రతినిధులు మూడేళ్లకు పైగా బేరమాడారు. కంపెనీలు తాత్కాలికంగా పంపే ఉద్యోగులకు మూడేళ్లపాటు అక్కడి సామాజిక భద్రత చందా మినహాయింపు సాధించారు. ఐటీ కంపెనీలకు అది మేలే. విద్యార్థి వీసా నిబంధనలు మాత్రం ఉన్నచోటే ఉన్నాయి. పైగా 2027 జనవరి 1 తర్వాత దరఖాస్తు చేసేవారికి గ్రాడ్యుయేట్ రూట్ రెండేళ్ల నుంచి 18 నెలలకు కుదించుకుపోతోంది. ఎడబాటు కాలం ఆరు నెలలు తగ్గుతుందని సంతోషించడానికి లేదు, జీతం గీత దాటే ఉద్యోగం వెతుక్కునే గడువూ అంతే తగ్గుతుంది. ఏటా లక్షకు అటూ ఇటూగా విద్యార్థులను పంపుతూ, వాళ్ల ఫీజులతో అక్కడి విశ్వవిద్యాలయాలను నిలబెడుతున్న దేశానికి, వాళ్ల భార్యల, భర్తల, పిల్లల సంగతి బేరాల బల్ల మీద పెట్టే హక్కు ఐటీ కంపెనీల చందాల గురించి మాట్లాడే హక్కు కన్నా తక్కువేమీ కాదు.