భాగమతిపై సమీక్షా వ్యాసం రాయాలంటే

ఒక ప్రశ్న మీద అప్పటిదాకా జరిగిన పరిశోధననంతా ఒకచోట చేర్చి, అందులో ఏది నిలుస్తుందో, ఏది నిలవదో, ఇంకా తేలనిదేమిటో చెప్పేది సమీక్షా వ్యాసం. పరిశోధన పత్రికల భాషలో రివ్యూ ఆర్టికల్. పుస్తక సమీక్ష దీనికి వేరు. అది ఒక్క పుస్తకంతో ముగుస్తుంది. సమీక్షా వ్యాసం కొత్త శాసనాన్ని బయటపెట్టదు, కొత్త ప్రయోగం చేయదు. అయినా ఆ రంగంలోకి అడుగుపెట్టే విద్యార్థి ముందుగా వెతుక్కునేది దాన్నే. జీవరసాయన శాస్త్రంలో కేవలం ఇలాంటి వ్యాసాల కోసమే 1932లో ఒక వార్షిక సంపుటి మొదలైంది. వైద్యంలో 2009లో వచ్చిన ప్రిస్మా మార్గదర్శకాలు, సమీక్షకుడు తప్పక చెప్పాల్సిన సంగతులను 27 అంశాలుగా నిర్దేశించాయి. చరిత్రకు, సాహిత్యానికి అలాంటి కొలబద్ద లేదు. అక్కడ సమీక్షకుడి వివేచనే ఆధారం కనుక బాధ్యత కూడా ఎక్కువే.

ఆ బాధ్యత ఎంతటిదో తెలియాలంటే హైదరాబాదు పాతబస్తీ పుట్టుక గురించిన వివాదం చూడాలి. గోల్కొండ సుల్తాను మహమ్మద్ కులీ కుతుబ్ షా (పాలన 1580-1612) హిజ్రీ 1000లో, అంటే 1591-92లో, మూసీకి దక్షిణాన చార్మినార్ కేంద్రంగా కొత్త నగరం కట్టించాడు. చించలం గ్రామానికి చెందిన భాగమతి అనే నర్తకిని ప్రేమించి, ఆమె పేరున ముందు దానికి భాగ్యనగరమని పేరుపెట్టాడనీ, తర్వాత హైదరాబాదుగా మార్చాడనీ ప్రసిద్ధి. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చరిత్ర బోధించిన హరూన్ ఖాన్ షేర్వానీ 1967లో మహమ్మద్ కులీ మీద వెలువరించిన పుస్తకంలో ఈ కథను కొట్టిపారేశారు. నరేంద్ర లూథర్ 1991 నాటి తన పుస్తకంలో భాగమతి పక్షాన నిలిచారు. రెండు వైపులా ఉద్దండులే. ఈ విషయం మీద ఎవరైనా సమీక్షా వ్యాసం తలపెడితే చేయాల్సిన పనులు ఇక్కడ వరసగా కనిపిస్తాయి.

మొదటి పని ప్రశ్నను విడగొట్టడం. భాగమతి నిజమా, కల్పనా అని అడిగితే జవాబు ఎన్నటికీ తేలదు, ఎందుకంటే అందులో నాలుగైదు ప్రశ్నలు కలిసిపోయి ఉన్నాయి. ఆ పేరుగల స్త్రీ ఉందా? నగరానికి భాగ్యనగరమన్న పేరు వాడుకలో ఉండేదా? ఉంటే అది ఆమె వల్ల వచ్చిందా, తోటల (ఫారసీలో బాగ్) వల్ల వచ్చిందా? హైదరాబాదు పేరుకు మూలమని చెప్పే హైదర్ మహల్ అన్న బిరుదు ఆమెకు ఇచ్చారా? భాగమతిని కలవడానికి వరదలో మూసీ దాటిన యువరాజు మహమ్మద్ కులీ కోసమే తండ్రి పురానాపూల్ వంతెన కట్టించాడా? వీటిలో చివరిదాన్ని తేల్చడం సులువు. వంతెన పూర్తయింది 1578లో. మహమ్మద్ కులీ పుట్టింది 1565 ప్రాంతంలో. అప్పటికి యువరాజుకు పన్నెండు పదమూడేళ్లకు మించి లేవు. వంతెన కథ ఇంతటితో వీగిపోతుంది. కానీ దాంతోపాటు భాగమతి కూడా వీగిపోయినట్టు రాయడం తొందరపాటు. ఒక ప్రశ్నకు దొరికిన జవాబును పక్క ప్రశ్నకు అంటగట్టడం సమీక్షా వ్యాసాల్లో తరచూ కనిపించే దోషం.

రెండో పని సాక్షులను లెక్కించడం. ఇదే అసలు కష్టం. భాగమతి పేరు చెప్పినవారిలో అందరికన్నా ముందున్నది అక్బరు ఆస్థాన కవి ఫైజీ. 1591లో దక్కనుకు దూతగా వచ్చాడు. వచ్చింది గోల్కొండకు కాదు, ఖాందేశ్, అహ్మద్‌నగర్ దర్బారులకు. అక్కడినుంచి అక్బరుకు రాసిన నివేదికలో భాగమతి పేరుతో వెలసిన భాగ్‌నగర్‌ను ఎగతాళిగా ప్రస్తావిస్తూ, కట్టించిన సుల్తాను పేరును అహ్మద్ కులీ అని రాశాడు. నగరం లేస్తున్న రోజుల్లోనే రాసినది కాబట్టి దానికి విలువ ఉంది. రాజు పేరే తప్పుగా రాశాడు కాబట్టి అది విన్న మాటేనన్న అనుమానమూ ఉంది. సమీక్షకుడు ఈ రెండూ పక్కపక్కనే పెట్టాలి.

తర్వాత అదే మొగలు కొలువుకు చెందిన నిజాముద్దీన్ అహ్మద్ తబఖాత్-ఇ-అక్బరీ వస్తుంది. ఆ తర్వాత బీజాపూరులో కూర్చుని రాసిన చరిత్రకారుడు ఫెరిష్టా. రాజు తర్వాత పశ్చాత్తాపపడి పేరు మార్చాడని చెప్పినవాడు ఇతడే. ముగ్గురు రాశారు కాబట్టి ముగ్గురు సాక్షులని లెక్కవేయడం పొరపాటు. ఫెరిష్టా తన ఆధారాల్లో నిజాముద్దీన్ గ్రంథాన్ని కూడా పేర్కొన్నాడు. ఒకరినుంచి ఇంకొకరు తీసుకుంటే పది పుస్తకాలైనా ఒక్క సాక్ష్యమే. అయితే మహమ్మద్ కులీ సోదరి బీజాపూరు సుల్తాను రెండో ఇబ్రహీం ఆదిల్ షా భార్య. రెండు రాజకుటుంబాల మధ్య అంత దగ్గర సంబంధం ఉన్నప్పుడు ఫెరిష్టాకు గోల్కొండ కబుర్లు నేరుగా అందే దారి కూడా ఉంది. ఏ వాక్యం ఎక్కడినుంచి వచ్చిందో పాఠాలు ఎదురెదురుగా పెట్టి చూస్తేనే తెలుస్తుంది. సమీక్షా వ్యాసంలో ఎక్కువ కాలం పట్టేది, ఎక్కువ పేజీలు దక్కాల్సింది ఈ భాగానికే. ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే మాట కూడా ఇక్కడికే చెందుతుంది. 1676లో అచ్చయిన అతని యాత్రా గ్రంథం ప్రకారం రాణి పేరు నగర్, ఊరు ఆమె తోట. కథ అప్పటికే రూపం మార్చుకుంటోందనడానికి అది ఆధారం, కథ నిజమనడానికి కాదు.

మూడో పని మౌనాన్ని అర్థం చేసుకోవడం. గోల్కొండలోనే 1617 ప్రాంతంలో పూర్తయిన తారీఖ్-ఇ-మహమ్మద్ కుతుబ్ షాలో భాగమతి ఊసు లేదు. షేర్వానీ వాదానికి ఇది గట్టి ఊతం: ఇంటివాళ్లు ఎరగని మనిషిని పొరుగువాళ్లు ఎలా ఎరిగారు? అవతలి పక్షం అడిగేదీ అంతే బలమైనది: దర్బారు చరిత్రకారుడు ప్రభువుగారి నర్తకి గురించి ఎందుకు రాస్తాడు? మంచి సమీక్షకుడు తనకు నచ్చని వాదాన్ని కూడా ఆ వాదం చేసినవారు ఒప్పుకునేంత బలంగా చెప్పగలగాలి. తెలుగులో వస్తున్న సమీక్షా వ్యాసాల్లో చాలావాటికి ఈ ఓపిక లేదు. ఫలానావారు ఇలా అన్నారు, ఫలానావారు అలా అన్నారు అన్న పట్టీ ఇచ్చి తప్పుకుంటాయి, లేదంటే తమ పక్షాన్ని మాత్రమే వినిపిస్తాయి. పట్టీ తయారుచేయడం గ్రంథసూచి పని. పరిశోధన పత్రిక ఇరవై ముప్పై పేజీలు కేటాయించేది తీర్పు కోసం.

తీర్పు అంటే అవును, కాదు అనే రెండు ముక్కలు కానక్కరలేదు. భాగ్‌నగర్ అన్న పేరు మహమ్మద్ కులీ కాలంలోనే బయటివారి నోట ఉందనడానికి ఆధారం బలంగా ఉంది. దాన్ని ఒక స్త్రీతో ముడిపెట్టి చెప్పుకోవడం కూడా ఆ రోజుల్లోనే మొదలైంది. ఆ ముడి వాస్తవమా, దర్బారుల మధ్య ఎకసెక్కమా అన్నది ఇంకా తేలలేదు. హైదర్ మహల్ బిరుదు ఏ గ్రంథంలో మొదట కనిపిస్తుందో కాలంతో సహా చూపి, ఆ తర్వాతే దాని మీద మాట్లాడాలి. ఇలా మెట్లు మెట్లుగా చెప్పిన తీర్పే తర్వాతి పరిశోధకుడికి పనికొస్తుంది.

చివరి పని ఖాళీలు చూపించడం. ఇంతవరకు ఈ వివాదం ఎక్కువగా ఫారసీ, ఐరోపా భాషల ఆధారాల మీదే నడిచింది. మహమ్మద్ కులీ స్వయంగా దక్కనీ కవి; అతని కావ్య సంపుటాన్ని సయ్యద్ మొహియుద్దీన్ ఖాద్రీ జోర్ 1940లో పరిష్కరించి అచ్చువేశారు. అతని తండ్రి ఇబ్రహీం తెలుగు కవుల కావ్యాల్లో మల్కిభరాముడు. అద్దంకి గంగాధరుడు తపతీ సంవరణోపాఖ్యానాన్ని ఆయనకే అంకితమిచ్చాడు. ఆ కొలువు చుట్టూ పుట్టిన తెలుగు కావ్యాల అవతారికలను, మూసీ పరిసర గ్రామాల శాసనాలను, స్థానిక కైఫీయతులను ఈ ఒక్క ప్రశ్న కోసం వరసగా చదవాలి. ఫారసీ, దక్కనీ, తెలుగు మూడూ చదవగల ఒక్కరు దొరకడం కష్టం కాబట్టి ఇద్దరు ముగ్గురు కలిసి రాయాలి. ఆ పని మొదలుపెట్టడానికి సాలార్‌జంగ్ మ్యూజియంలోని రాతప్రతుల విభాగం పాతబస్తీలోనే, చార్మినార్‌కు నడిచి వెళ్లగలిగే దూరంలో ఉంది.