ఇంటి యంత్రములు: పంపును, దాని గాలితొట్టియు

నూతిలో చేద వేసి నీరు తోడుకొనిన దినములలో గిలక కిఱ్ఱుమనుట మొదట వినునది ఇంటి ఆడువారే. చేద పోయి పంపు వచ్చినది. వినుట మాత్రము నేటికిని మన పాలనే యున్నది. మిద్దెమీది పంపు ఎప్పుడు లేచినది, ఎంతసేపు ఆడినది, ఎప్పుడాగినది, తెల్లవాఱినది మొదలు వంటింట నుండు మనకు తెలిసినట్లు ఇతరులకు తెలియదు. అయినను అది చెడినప్పుడు "మోటారు సంగతి మనకేమి తెలియును" అని ఊరకుందుము. ఆ చప్పుడునకు అర్థమేమో ఈ మాసము సోదరీమణులకు విన్నవింపదలచితిమి.

ముందుగా, పై ట్యాంకుండగా వేఱొక పంపు ఏల? కుళాయిలో నీటి వేగము ట్యాంకు ఎత్తునుబట్టి యుండును. నీరు పది మీటర్ల ఎత్తున నున్నగాని ఒక బారు ఒత్తిడి కలుగదు. కుళాయికి మూడు మీటర్ల ఎత్తున నున్న ట్యాంకు అందులో మూడవవంతైనను ఈయజాలదు. కనుకనే క్రింది యింట ధార చక్కగా పడుచుండ, పై యంతస్తున స్నానపుజల్లు కన్నీటిబొట్లవలె రాలుచుండును. ఈ కొఱత తీర్చుకొఱకు చిన్న పంపును, దాని ప్రక్క గుండ్రని యినుపతొట్టిని అమర్చుచున్నారు.

ఆ తొట్టిలోపల రబ్బరు తిత్తి యొకటి యుండును. తిత్తిలో నీరు, తిత్తికిని ఇనుపగోడకును నడుమ గాలి. నీరెంత అదిమినను కుంచించుకొనదు, గాలి కుంచించుకొని విడిచినప్పుడు మఱల విప్పారును. పంపు నీటిని తిత్తిలోనికి నెట్టగా గాలి ముడుచుకొనును. ఒత్తిడి ఒక మేర చేరగానే మీట తనంతట తానే పంపును ఆపివేయును. మనము కుళాయి త్రిప్పినప్పుడు ముడుచుకొనిన ఆ గాలియే నీటిని బయటికి త్రోయును. ఒత్తిడి క్రింది మేరకు దిగినప్పుడు గాని పంపు మఱల లేవదు. 1.4 బార్లకు లేచి 2.8 బార్లకు ఆగునట్లు మీట పెట్టిన యింట, 24 లీటర్ల తొట్టి సరిగా నున్నచో పంపు లేవకయే సుమారు 8 లీటర్ల నీరు ఈయగలదు. అనగా చేతులు కడుగుకొనుటకో, చెంబెడు నీళ్ళు పట్టుకొనుటకో పంపుతో పనియే లేదు.

చెంబెడు నీటికే పంపు లేచుచున్నదనుకొందము. మా పొరుగింటి వదినగారి యింట అట్లే జరిగినది. కుళాయి కొంచెము త్రిప్పిన టక్కుమని లేచును, రెండు క్షణములలో టక్కుమని ఆగును, మఱల లేచును. బియ్యము కడుగునంతలో ఇరువదిమాఱులు. వచ్చిన పనివాడు మోటారు చెడినది, మార్చవలె ననెను. పండుగ బట్టలకని దాచిన సొమ్ముతో క్రొత్త మోటారు వచ్చినది. ఆ సాయంకాలమే మఱల టక్కు టక్కు! రోగము మోటారుది కాదు, తొట్టిది. మోటారు లేచు క్షణమున మామూలుగా నడుచునప్పటికంటె అయిదాఱు రెట్లు విద్యుత్తును పీల్చును. నిమిషమునకు పదిమాఱులు లేచుచు పడుచుండిన దాని తీగచుట్టలు చల్లాఱుటకు వ్యవధి యెక్కడిది? మీటలోని మొనలును కాలి నల్లబడును. అట్టి యింట ఎన్ని మోటారులు మార్చినను అన్నియు అకాలమరణము పొందవలసినవే.

వైద్యశాస్త్రపు మాటలో చెప్పిన, ఈ తొట్టికి తఱచుగా వచ్చునది వాతదోషము. రబ్బరు గుండ గాలి మెల్లమెల్లగా తప్పించుకొని పోవుచుండును. పరీక్ష కష్టమైనది కాదు. పంపునకు పోవు విద్యుత్తును పెద్దమీటయొద్దనే ఆపవలెను. పై ట్యాంకునుండి పంపునకు వచ్చు గొట్టపు కవాటమును మూసి, కుళాయి తెఱచి, తొట్టిలోని నీరంతయు పోయి ఒత్తిడి చూపు ముల్లు సున్నకు వచ్చువఱకు వేచియుండవలెను. నీరుండగా గాలి కొలిచినచో కనబడునది నీటి ఒత్తిడియే. ఈ యొక్క సంగతి తెలియక "గాలి నిండుగానే యున్నది" అని చెప్పిపోవు పనివారు పెక్కుమంది కలరు. పిమ్మట తొట్టి మీది చిన్న మూత విప్పిన, స్కూటరు చక్రమునకుండు గాలినోరు వంటిదే కనబడును. దాని నడిమి సూదిని గోటితో నొక్కి చూడుడు. గాలి వచ్చిన మేలు. నీరు చిమ్మినచో తిత్తి చిఱిగినదన్నమాట. అప్పుడు గాలి కొట్టుట వ్యర్థము, తిత్తినో తొట్టినో మార్పింపవలసినదే.

గాలి వచ్చినచో, చక్రములకు గాలి చూచు కొలతగడియారము అక్కడ పెట్టి చూడవచ్చును. పంపు లేచు మేరకంటె రెండు పౌనులు తక్కువగా నుండుట నియమము. ఇరువది పౌనులకు, అనగా మనము పైన చెప్పిన 1.4 బార్లకు, లేచు పంపైనచో తొట్టిలో పదునెనిమిది. తక్కువైనచో చక్రమునకు గాలి కొట్టు చేతిపంపు చాలును. ఎక్కువ కొట్టుటయు తగదు. గాలి మితిమీఱిన, పంపు లేచులోపలనే కుళాయిలో ధార తెగి మఱల వచ్చుచుండును. వదినగారి తొట్టిలో గాలి అయిదు పౌనులే యుండెను. అబ్బాయి చేతిపంపుతో పావుగంట శ్రమపడి నింపెను. పాత మోటారు పాతసామానుల వానికి అప్పుడే పోయినది.

గాలి సరిగా నుండియు, ఏ కుళాయియు తెఱువకయే నడిరాత్రి పంపు లేచుచున్నచో ఎక్కడనో నీరు కాఱుచున్నది. కంటికి కనబడని కాఱుటకు మరుగుదొడ్డి నీటిపెట్టె ప్రసిద్ధము. పెట్టెలో బట్టలకు వేయు నీలిమందు నాలుగు చుక్కలు వేసి అరగంట దానిని వాడకుండుడు. క్రింది పళ్ళెములో నీలము దిగినచో దొంగ దొరికినట్లే. అక్కడ లేకున్న, తొట్టినుండి యింటిలోనికి పోవు గొట్టపు కవాటమును మూసి ముల్లును చూడవలెను. అప్పుడును ముల్లు దిగుచున్నచో నీరు పంపువైపు వెనుకకు పోవుచున్నది. వెనుదారి కట్టు కవాటమున చెత్త చిక్కియుండును. బోరునీరు వాడు ఇండ్లలో ఇంకొక చిక్కు కలదు. నీరు కాచిన గిన్నెలో తెల్లని పెచ్చు కట్టుట మనము చూచుచునే యున్నాము; అదే సున్నము ఒత్తిడిమీటకు పోవు సన్నని గొట్టములో పేరుకొని, మీటకు ఒత్తిడి తెలియనీయదు. దానిని విప్పించి శుభ్రము చేయించిన చాలును.

నూతినుండియో సంపునుండియో పైకి తోడు పంపు సంగతి వేఱు. అది చక్కగా తిరుగుచున్నను నీరు రానిచో పీల్పు గొట్టములో గాలి దూఱినది, లేదా అడుగు కవాటము నీటిని నిలుపక జార్చినది. వెంటనే ఆపి, పంపును నీటితో నింపి మఱల వేయవలెను. నీరులేక ఆడు పంపులో సీలు కొద్ది నిమిషములలోనే మాడిపోవును. పంపు పీల్పునకు హద్దు కలదని 1643లో ఇటలీ దేశస్థుడగు టారిచెల్లి పాదరసముతో నిరూపించినది మఱువరాదు. నీటిని పైకెత్తునది పంపు కాదు, బయటి గాలి బరువు. అది సముద్రతీరమున 10.3 మీటర్లకు మించి ఎత్తజాలదు, హైదరాబాదు వంటి మెట్టయూళ్ళలో ఇంకొక అర మీటరు తగ్గును. గొట్టపు రాపిడి పోగా ఏడు మీటర్లు దక్కిన గొప్ప. కనుక వేసవిలో నూతినీరు దిగినప్పుడు గట్టుమీది పంపును తిట్టి లాభము లేదు.

మోటారు గుంయిమని మూలిగి తిరుగకున్నచో ఆ క్షణమే ఆపుడు. తఱచుగా కెపాసిటరు బలహీనపడియుండును. అది వెల తక్కువ వస్తువే గాని మనము ముట్టదగినది కాదు; మీట ఆపిన తరువాతను అందు విద్యుత్తు దాగియుండును. తీగలు, పెట్టెలు విప్పుట తెలిసిన పనివానికే విడువవలెను. వచ్చినవానిచేత భూమితీగ సరిగా నున్నదో లేదో, 30 మిల్లీ ఆంపియర్ల తెంపుమీట పంపునకు కలదో లేదో చూపించుకొనుడు. కుళాయి ముట్టినప్పుడు వ్రేళ్ళు జివ్వుమన్నచో "అప్పుడప్పుడు అట్లే యుండును" అను మాట ఎవరు చెప్పినను వినకుడు. పెద్దమీట ఆపి, పనివాడు వచ్చి చూచువఱకు పిల్లలను స్నానపుగదిలోనికి పోనీయకుడు. ఆ పూట నీరు పొరుగింటినుండి బిందెతో తెచ్చుకొనవచ్చును.

తొట్టిలో గాలి ఆఱు నెలల కొకమాఱు చూచిన చాలును. మేము ఆ తేదీని గోడపంచాంగములో గ్యాసు సిలిండరు వచ్చిన తేదీ ప్రక్కనే వ్రాసికొనుచున్నాము.