కరెంటు లేని రాత్రి, గాజుతొట్టిలో చేపలు

మొన్నటి మే నెలలో నొకనాటి సాయంకాలము, పగలంతయు 40 డిగ్రీలకు మించి కాసిన యెండ చల్లాఱక మునుపే, పడమటి దిక్కునుండి దుమ్ము రేపుకొనుచు వచ్చిన గాలివాన మా పద్మారావునగరు వీథిలోని తురాయి కొమ్మ నొకదానిని విఱిచి తీగలపై బడవేయగా పోయిన కరెంటు, మఱునాడు తెల్లవాఱుజామున నాలుగు గంటలకు గాని తిరిగి రాలేదు. మా అపార్టుమెంటు జనరేటరు లిఫ్టునకును మెట్లమీది దీపములకును మాత్రమే. ఇంటిలోని ఇన్వర్టరు బ్యాటరీలో డిస్టిల్డు వాటరు పోసి యెన్నాళ్ళయినదో యెవరికిని జ్ఞాపకము లేదు కావున, అది పావుగంట పనిచేసి, నాలుగుమాఱులు కూసి, ఊరకుండెను. రాత్రి పదకొండు గంటలవేళ మా మనుమరాలు వచ్చి, "తాతయ్యా, చేపలన్నీ పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయి" అని నన్ను లేపినది.

సెల్‌ఫోను దీపము వేసి చూచితిమి. ఆఱు గోల్డుఫిష్‌లును నీటి పైపొరకు మూతు లానించి, గుటకలు మ్రింగుచున్నట్లు నోళ్ళు దెఱచి మూయుచున్నవి. అంతియ కాదు, దిగువ అరలో పెట్టిన గాలిపంపు ఆగినందున, దాని సన్నని గొట్టము గుండ తొట్టినీరు వెనుకకు దిగి, పంపును నింపి, నేలపై నున్న ఎక్స్‌టెన్షను బోర్డు దాపునకు ప్రాకుచున్నది. బోర్డు ప్లగ్గును గోడనుండి యూడదీసి, గొట్టమును పైకి లాగితిని. పిదప స్టీలుచెంబు తెచ్చి, టీబండివాడు టీ తిరగబోయు విధమున, తొట్టినీటినే ముంచి జానెడెత్తు నుండి మరల నందే పోయుట కారంభించితిని. తాతయు మనుమరాలును వంతులు వేసికొని పోయగా, తెల్లవాఱునప్పటికి ఆఱును బ్రదికియే యున్నవి.

ఈ తిరగబోతలో మంత్రమేమియు లేదు. చేప పీల్చునది నీటిలో కరగిన ప్రాణవాయువు. అది లోపలికి వచ్చు వాకిలి నీటి పైతలము. పంపు విడుచు బుడగలే చేపకు ఊపిరియని మనమనుకొందుము గాని, ఆ బుడగలు చేయు ముఖ్యకార్యము అడుగునీటిని పైకి తెచ్చి పైతలమును కదలించుటయే. ఆ పనిని చెంబును చేయగలదు. 20 డిగ్రీల నీరు లీటరునకు సుమారు 9 మిల్లీగ్రాముల ప్రాణవాయువును కరగించుకొనగలుగగా, 30 డిగ్రీల నీటిలో నది యేడున్నరకు దిగును. చేపకో, వేడిమి పెరిగినకొలది ఊపిరి యవసరము హెచ్చును. నెలాఖరున చుట్టములు దిగిన గుమాస్తా యింటి స్థితి యిది. చీకటిలో నాచు సైతము ప్రాణవాయువును విడుచుట మాని పీల్చుచుండును. మిగిలి కుళ్ళు మేతయు తన వంతు లాగికొనును. కావున కరెంటు లేనివేళ జాలిపడి మేత వేయుట హానికరము. ఆరోగ్యముగల పెద్దచేప రెండుమూడు దినముల యుపవాసమును సులభముగా సహించును.

అయినను నా చేపలలో నొకటి చచ్చినది. రాత్రి కాదు, కరెంటు వచ్చిన పిమ్మట. ఫిల్టరు స్పంజిని పట్టుకొనియుండు సూక్ష్మజీవులు చేపల విసర్జనము వలన పుట్టు అమ్మోనియాను నైట్రైటుగను, దానిని మరల నైట్రేటుగను మార్చుచు తొట్టిని కాపాడుచుండును. వానికిని ప్రాణవాయువు కావలయును. మూత బిగించిన క్యానిస్టరు ఫిల్టరులో నీరు గంటల తరబడి నిలిచిపోయెనా, లోపల మురుగు పుట్టి, స్విచ్చి పడినంతనే యది తొట్టిలోనికి చిమ్మబడును. ముందుగా దానిని విప్పి, బకెట్టులోనికి తీసిన తొట్టినీటిలో స్పంజిని జాడించి పెట్టవలసినది. కొళాయినీరు పనికిరాదు, అందలి క్లోరిను మిగిలిన జీవులను గూడ చంపును. ఈ సంగతి నాకు మధ్యాహ్నమునకు గాని తట్టలేదు.

రాష్ట్రము విడిపోవుటకు ముందు, 2012, 2013 సంవత్సరములలో, ఈ జంటనగరముల వారికి కరెంటు కోత వేళలు కంఠస్థము. ఇన్వర్టరు బ్యాటరీని పసిబిడ్డవలె చూచుకొనెడివారము. నేడు కోత లేదు, అంతరాయ మున్నది. కోత ఉత్తరము వ్రాసి వచ్చు చుట్టము. అంతరాయము చెప్పక తలుపుతట్టు చుట్టము. కరెంటు బాగుపడినకొలది మన గాజుతొట్టులు మఱింత నిస్సహాయము లయినవని నా యభిప్రాయము, ఎందుకనగా పంపు నిరంతరము తిరుగునను ధీమాతో, నాలుగు చేపలు పట్టుచోట పండ్రెండింటిని కుక్కుచున్నాము. ముందుగదికి అందమని కొనెడి పొడుగుతొట్టి మఱియు చెడ్డది. లోతు ఎంతయున్నను వాకిలి యిఱుకు. నాకు తొట్టి నమ్మిన దుకాణదారుడు అడుగున పెట్టుకొనుటకు మునిగిన ప్లాస్టికు ఓడను గూడ నమ్మెను గాని, నీరు వెనుకకు రాకుండ గొట్టమునకు బిగించు వాల్వు ఒకటి కలదని, అది లేనివాడు పంపును నీటిమట్టమునకు పైన పెట్టవలెనని చెప్పలేదు. చిన్న గాలిపంపు తినునది మూడు నుండి అయిదు వాట్లు. సెల్‌ఫోను పవరుబ్యాంకుతో నడచు పంపు సైతము రాత్రి గడపగలదు. అది యవసరమే. కాని దాని నమ్మి పండ్రెండు చేపలు పెంచుట నాకు సమ్మతము గాదు.

గాజుతొట్టి విద్యుత్తుతో పుట్టినది గాదు. 1850లో లండను రసాయనశాస్త్రజ్ఞుడు రాబర్టు వారింగ్టను 12 గ్యాలనులు పట్టు గాజుపాత్రలో రెండు గోల్డుఫిష్‌లను, వాలిస్నేరియా మొక్కను, కుళ్ళిన యాకులను తినుటకు నత్తలను ఉంచి, అవి యొండొంటిని పోషించుకొనుట చూపెను. 1853లో అచ్చటి జంతుప్రదర్శనశాలలో చేపలయిల్లు తెఱచిరి. పన్నెండు గ్యాలనులకు రెండే చేపలు! మన కొర్రమీను సంగతి వేఱు. అది పైకి వచ్చి గాలినే మ్రింగును గావున, బజారునుండి తడిసంచిలో తెచ్చినను ప్రాణముతో నుండును. గోల్డుఫిష్‌కు ఆ విద్య లేదు.

ఆ వారమే మూడింటిని మా బంధువుల యింటి పెరటిలోని వెడల్పు సిమెంటుతొట్టికి పంపి, రెండింటిని ఉంచుకొంటిని. పొడుగుతొట్టి స్థానమున పొట్టిది, వెడల్పుది వచ్చినది, దానినిండ నాచు. మనుమరాలు రెండుదినములు నాతో మాటలాడలేదు. ఆషాఢములో నొక ఉదయము నిద్రలేచి చూడగా, ముందుగదిలోని కరెంటు గడియారము 12:00 అని మినుకుమినుకు మనుచున్నది. రాత్రి యెప్పుడు పోయినదో, ఎంతసేపు పోయినదో మాలో నెవరికిని తెలియదు.