పెనం మీద చీజ్ శాండ్‌విచ్

మన ఇళ్ళలో బ్రెడ్డు అంటే జ్వరం వచ్చినవాళ్ళ తిండి. పాలలో ముంచుకుని తినడమే తెలుసు. అందుకే కాలేజీలో తోటివాళ్ళు గ్రిల్డ్ చీజ్ శాండ్‌విచ్ గురించి మాట్లాడుకుంటుంటే, అదేదో ఓవెన్ ఉన్న ఇళ్ళవాళ్ళ వ్యవహారమని మౌనంగా ఉండిపోయేవాళ్ళం. నిఘంటువు చూస్తే చీజ్ అంటే జున్ను అని ఉంది. మనకు తెలిసిన జున్ను వేరు కదా!

తీరా చేసి చూస్తే దానికి దోసె పెనం చాలు. రెండు బ్రెడ్డు ముక్కలకూ బయటివైపు వెన్న, లేకపోతే నూనె రాసి, మధ్యలో తురిమిన చీజ్, సన్నగా తరిగిన పచ్చిమిర్చి, ఉల్లిపాయ, కొత్తిమీర, చిటికెడు కారం పెట్టాలి. ప్యాకెట్ చీజ్‌లో ఉప్పు ముందే ఉంటుంది, మళ్ళీ వేయకూడదు. మంట సన్నగా ఉండాలి. పెద్ద మంటయితే బ్రెడ్డు మాడిపోతుంది, లోపల చీజ్ మాత్రం కరగదు. మూత పెడితే ఆవిరికి తొందరగా కరుగుతుంది. ఒకవైపు ఎర్రగా కాలాక తిప్పి, చదునైన గిన్నెతో నొక్కాలి. మొదటిసారి మేము మాడ్చాం. అయినా తిన్నాం.

ఇదంతా ఎందుకంటే, హాస్టల్లో పళ్ళెం పట్టుకుని వరుసలో నిలబడడం అలవాటై, సెలవులకు ఇంటికి వెళ్ళినా పళ్ళెం ముందే కూర్చుంటున్నాం. పగలంతా కూలికి వెళ్ళొచ్చిన అమ్మే మళ్ళీ పొయ్యి ముట్టిస్తోంది. చెల్లెలు అంట్లు తోముతోంది. మగపిల్లలం మాత్రం 'చదువుకునేవాళ్ళం'! అన్నం, కూర నేర్చుకోవడానికి కొంత కాలం పడుతుంది. ఇది పది నిమిషాల పని. ఈ వేసవి సెలవుల్లో దీనితోనే మొదలుపెడదాం. కారం ఎక్కువైందని అమ్మ అంటే అననిద్దాం. మొదటి ముక్క ఆమెకే, అదీ వేడివేడిగా పెడదాం. చల్లారితే చీజ్ బిగుసుకుపోతుంది.